ఎన్ని అడుగుల రీలు?

పోయిన డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు మా మావయ్య ఇంట్లో జరిగిన చిన్న ముచ్చటతో మొదలుపెడతాను.

మావయ్య మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, "తాతయ్యా, రీలు చేశాను, చూడు" అంది. ఆయన పడక్కుర్చీలోంచి తల కూడా తిప్పకుండా "ఎన్ని అడుగులే?" అన్నాడు.

"అడుగులేంటి తాతయ్యా? ముప్ఫై సెకన్లు."

మావయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకుని లెక్క కట్టాడు. "అయితే నలభై అయిదు అడుగులు. దాన్ని రీలంటారా ఎవరైనా? ముక్క అంటారు."

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ లెక్క నన్ను వదల్లేదు. తిరుగు ప్రయాణంలో దోహా ఎయిర్‌పోర్టులో ఆరుగంటలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు కాగితం తీసి వేసి చూశాను. 35 ఎంఎం ఫిలిములో అడుగుకి 16 బొమ్మలు. సెకనుకి 24 బొమ్మలు తిరగాలి. అంటే సెకనుకి అడుగున్నర. ముప్ఫై సెకన్లకి నలభై అయిదు అడుగులు. ఆయన సరిగ్గానే చెప్పాడు. చెప్పడూ మరి! మొదట టూరింగు టాకీసులో కుర్రాడిగా చేరి, తర్వాత కృష్ణా జిల్లాలో ఓ చిన్న టౌన్లో సినిమా హాలు ఆపరేటరుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన మనిషి.

నేను చేసేది సాఫ్ట్‌వేరు. మా లోకంలో ఒక మాట ఎప్పుడూ వింటుంటాం: డేటా వేరు, దాన్ని పెట్టే డబ్బా వేరు, డబ్బా మారినా డేటా మారకూడదు అని. సినిమా విషయంలో మాత్రం ఇది నిజం కాదని, నూట ముప్ఫై ఏళ్ళుగా డబ్బాయే కథని మలుస్తూ వచ్చిందని ఆ కాగితం మీద లెక్కలు వేసుకుంటూ పోతే అర్థమైంది. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి.

*

ముందు అసలు రీలంటే ఎంత? వెయ్యి అడుగులు. నిమిషానికి 90 అడుగుల చొప్పున పదకొండు నిమిషాలు. మనవాళ్ళు "పద్నాలుగు రీళ్ళ సినిమా" అన్నా, సినిమాకి ముందు తెరమీద పడే సెన్సారు సర్టిఫికెట్లో రీళ్ళ సంఖ్య రాసినా ఈ లెక్కే. పద్నాలుగు రీళ్ళంటే సుమారు రెండుంబావు, రెండున్నర గంటలు.

కానీ మొదట్లో వెయ్యి అడుగులు లేవు. 1890ల్లో అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ అనే ఆయన కైనెటోస్కోప్ అనే పెట్టె తయారు చేశాడు. 1894 ఏప్రిల్ 14న న్యూయార్క్ బ్రాడ్వేలో ఇలాంటి పెట్టెలు పది పెట్టి కొట్టు తెరిచారు. పావు డాలరిస్తే అయిదు పెట్టెల్లో చూడొచ్చు. తెర లేదు, హాలు లేదు. ఒక్కో మనిషి వంగి, పెట్టె పైనున్న కన్నంలోంచి తొంగి చూడాలి. లోపల ఫిలిము సుమారు యాభై అడుగులు, రెండు కొసలూ అతికించి మాలలాగా తిరుగుతూ ఉంటుంది. సెకనుకి నలభై దాకా బొమ్మలు తిరిగేవి కాబట్టి ఇరవై సెకన్లలో అయిపోయేది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఒక మనిషి, ఒంటరిగా, తల వంచుకుని, ఇరవై సెకన్ల బొమ్మ, అదీ మొదటికీ చివరికీ అతుకు పెట్టిన గుండ్రటి బొమ్మ. మా మావయ్య మనవరాలి ఫోనుకీ దీనికీ తేడా ఎంత? ఆయన "ముక్క" అన్న నలభై అయిదు అడుగులు అసలు సినిమా పుట్టినప్పటి కొలతే!

ఆ ఇరవై సెకన్లలో ఏం చూపించారు? కండలు తిరిగిన వస్తాదు, నాట్యం చేసే అమ్మాయి. కథ లేదు. ఉండటానికి చోటు లేదు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో లూమియేర్ అన్నదమ్ములు బొమ్మని తెర మీదకి తెచ్చారు. వాళ్ళ ఫిలిములూ 17 మీటర్లే, యాభై సెకన్లు. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో మనవాళ్ళు మొదటిసారి చూసినవి ఇవే. వాళ్ళ తొలి బొమ్మల్లోనే ఒకటుంది: తోటమాలి నీళ్ళు పెడుతుంటే ఓ కుర్రాడు వెనక గొట్టం తొక్కుతాడు, నీళ్ళెందుకు రావట్లేదా అని ఆయన గొట్టంలోకి చూస్తే కుర్రాడు కాలు తీస్తాడు, మొహమంతా నీళ్ళు. యాభై సెకన్లలో పట్టే కథ అంత. ఇవాళ ఫోన్లో చూసే చిలిపి వీడియోలన్నిటికీ తాత ఆ తోటమాలే.

*

మరి పొడుగెలా పెరిగింది? బాక్సింగు వల్ల!

న్యూయార్క్‌లో లేథమ్ అనే తండ్రీకొడుకులకి బాక్సింగు పోటీలు ఆపకుండా తీసి చూపించి డబ్బు చేసుకోవాలని కోరిక. చిక్కేమిటంటే, మెషీన్లో ఫిలిము ఒకే వేగంతో జారదు, బొమ్మ బొమ్మకీ ఆగి ఆగి కదలాలి. ఆ కుదుపుకి పొడుగు ఫిలిము పుటుక్కున తెగేది. 1895లో వాళ్ళ బృందం కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది: గేటుకి పైనా కిందా ఫిలిముని కాస్త వదులుగా, వంపుగా వదిలేయడం. కుదుపుని ఆ వదులు మింగేస్తుంది, పెద్ద చుట్ట నిదానంగా తిరుగుతుంది. చరిత్రలో దాన్ని లేథమ్ లూప్ అంటారు. మావయ్యకి లేథమ్ ఎవరో తెలీదు గానీ, లూపు మాత్రం బాగా తెలుసు. "లూపు సరిగ్గా వదలకపోతే బొమ్మ గెంతుద్ది, ఫిలిము చిరుగుద్ది. కుర్రాళ్ళకి మొదట నేర్పేది అదే" అన్నాడు ఫోన్లో అడిగితే. నూరేళ్ళ తర్వాత మా ఊరి ప్రొజెక్టరులో కూడా అదే వంపు.

అలా చుట్ట పెద్దదై వెయ్యి అడుగుల దగ్గర స్థిరపడింది. ఇక 1908 నుంచి కొన్నేళ్ళు అమెరికాలో "ఒక సినిమా అంటే ఒక రీలు" అన్నది చట్టంలాగా నడిచింది. ఎడిసన్ పెత్తనంలో కంపెనీలన్నీ ఒక జట్టుగా చేరి రీలు లెక్కన సరుకు అద్దెకిచ్చేవి. అంతకు మించితే జనం కూర్చోరని వాళ్ళ నమ్మకం. గ్రిఫిత్ అనే దర్శకుడు ఆ రోజుల్లో బయోగ్రాఫ్ కంపెనీకి ఇలాంటి చిన్న సినిమాలు నాలుగొందల పైనే తీశాడు. పదిహేను నిమిషాల్లోపు కథ చెప్పి తీరాలి కాబట్టి, ఇక్కడ ఆపదలో పిల్ల, అక్కడ గుర్రం మీద తండ్రి, మళ్ళీ ఇక్కడ, మళ్ళీ అక్కడ అని అటూ ఇటూ కోసి చూపించే పద్ధతికి పదును పెట్టాడు. మన సినిమాల్లో పెళ్ళి మంటపానికి హీరో పరిగెత్తుకొచ్చే సీన్లన్నీ ఆ ఇరుకులో తేరిన విద్యే.

1911లో ఆయన 'ఈనాక్ ఆర్డెన్' అని రెండు రీళ్ళ సినిమా తీస్తే, కంపెనీ దాన్ని రెండు ముక్కలుగా వేర్వేరు రోజుల్లో విడుదల చేసింది. జనం మాత్రం రెండూ కలిపి వేయమని అడిగారు. ఆస్ట్రేలియాలో అప్పటికి అయిదేళ్ళ ముందే, 1906లో, కెల్లీ అనే బందిపోటు ముఠా మీద గంట పైన నడిచే సినిమా వచ్చేసింది. అంటే జనానికి ఓపిక లేక కాదు, అద్దెకిచ్చేవాడి లెక్కలో ఇమడక.

మన దగ్గర ఫాల్కే 1913 మే 3న బొంబాయిలో విడుదల చేసిన 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్ళు, 3,700 అడుగులు. హరిశ్చంద్రుడి కథ ఒక్క రీల్లో ఎలా పడుతుంది చెప్పండి? రాజ్యం పోవడానికే ఒక రీలు కావాలి.

*

తర్వాత మాట వచ్చింది. వచ్చి మళ్ళీ అందరినీ పదకొండు నిమిషాల దగ్గరికే తీసుకొచ్చింది.

మాటని బొమ్మకి జత చేయాలని మొదట ప్రయత్నించినవాళ్ళు గ్రామఫోను పళ్ళేన్ని వాడారు. తెలుగు సినిమాకి పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య గారు 1910 ప్రాంతంలో మద్రాసులో డేరా వేసి చూపించిన క్రోనోమెగాఫోను అలాంటిదే. ఒక పక్క ఫిలిము, ఒక పక్క రికార్డు. రికార్డు ఎంతసేపు తిరిగితే మాట్లాడే బొమ్మ అంతసేపే, కొద్ది నిమిషాలు. ఆ సరంజామా వేసుకుని ఆయన బర్మా, సిలోన్ దాకా తిరిగారు.

1926, 27ల్లో వార్నర్ వాళ్ళు వైటాఫోన్ తెచ్చినప్పుడు ఇంజనీర్లకి వచ్చిన ప్రశ్న: ఒక రీలు నడిచినంతసేపు ఒక రికార్డు ఆగకుండా మోగాలి, ఎలా? మామూలు రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని పళ్ళేన్ని 16 అంగుళాలకి పెంచి, వేగాన్ని 33⅓కి తగ్గించారు. పదకొండు నిమిషాలు సరిపోయింది. ఆ వేగమే తర్వాత 1948లో ఎల్పీ రికార్డులకి వచ్చింది. మన ఇళ్ళల్లో ఘంటసాల గారి భగవద్గీత తిరిగిన వేగం, సినిమా రీలు పొడుగుని బట్టి ఎవరో లెక్కకట్టిన వేగమన్నమాట! ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

సెకనుకి 24 బొమ్మలన్నది కూడా అప్పుడే ఖాయమైంది. మూకీల రోజుల్లో చేత్తో తిప్పేవారు, కాస్త అటూ ఇటూ అయినా కళ్ళు సర్దుకునేవి. చెవి సర్దుకోదు, వేగం మారితే గొంతు మారిపోతుంది. రికార్డుతో ఇంకో తలనొప్పి: ఫిలిము ఎక్కడైనా తెగి రెండు బొమ్మలు పోతే, సరిగ్గా అన్నే నల్లబొమ్మలు అతికించాలి, లేకపోతే నాయిక పెదవుల నుంచి విలన్ మాటలు వస్తాయి. అందుకే త్వరలోనే శబ్దాన్ని ఫిలిము అంచునే ముద్రించే పద్ధతి గెలిచింది. 1931లో 'ఆలం ఆరా', 1932 ఫిబ్రవరి 6న మన 'భక్త ప్రహ్లాద' వచ్చాయి.

మాట రాగానే మనవాళ్ళు ఊరుకుంటారా? పద్యాలు, పాటలు, స్టేజీ నాటకమంతా తెర మీదకి వచ్చేసింది. 1932లో వచ్చిన హిందీ 'ఇంద్రసభ'లో డెబ్భై దాకా పాటలున్నాయి. దానికి అడ్డుకట్ట వేసింది ఏ విమర్శకుడో కాదు, రెండో ప్రపంచయుద్ధం. ముడి ఫిలిము ఓడల్లో రావాలి, ఓడలు యుద్ధానికి కావాలి. 1942లో ప్రభుత్వం సినిమా 11,000 అడుగులు మించకూడదని ఆంక్ష పెట్టింది. అంటే రెండు గంటలు. తీరిగ్గా పద్యం పాడి, రాగం తీసి, ఇంకో పద్యం అందుకునే అలవాటు ఉన్నవాళ్ళకి అది ఎంత కష్టమో ఊహించుకోండి. యుద్ధం అయ్యాక ఆ కట్టు తెగింది. 1957లో 'మాయాబజార్' మూడు గంటల పైన. 1977లో 'దానవీరశూరకర్ణ' దాదాపు నాలుగు గంటలు, మావయ్య లెక్కలో ఇరవై వేల అడుగుల పైమాటే.

"ఆ సినిమా వేసిన రోజు ఇంటికొచ్చి నిద్రపోతే కూడా చేతులు తిరుగుతూనే ఉండేవి" అని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

*

ఇక్కడ మావయ్య కేబిన్ గురించి చెప్పాలి.

టూరింగు టాకీసులో ఒకటే ప్రొజెక్టరు. చుట్ట అయిపోతే ఆపాలి, లైట్లు వేయాలి, ఇంకో చుట్ట ఎక్కించాలి. అందుకే మన పల్లెటూళ్ళలో సినిమాకి మూడేసి ఇంటర్వెళ్ళు. నేల టిక్కెట్టు జనం బీడీలకీ, పకోడీలకీ లేచేవాళ్ళు. కథ ఎక్కడ ఆగిందో అక్కడ ఆగేది, పాట మధ్యలోనైనా సరే.

పక్కా హాల్లో ప్రొజెక్టర్లు రెండు. రెండేసి రీళ్ళు కలిపి ఒక చుట్ట, ఇరవై నిమిషాలకోసారి ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మారాలి. చిన్నప్పుడు సినిమా చూస్తుంటే తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క తళుక్కున మెరిసి పోవడం మీకు గుర్తుందా? మొదటి చుక్క, చుట్ట అయిపోవడానికి ఏడెనిమిది సెకన్ల ముందు: రెండో మెషీన్ మోటారు ఆన్ చెయ్యమని. రెండోది చివరి సెకన్లో: మార్చమని. హాల్లో ఎనిమిది వందలమంది హీరోని చూస్తుంటే, మావయ్య ఒక్కడు ఆ మూలని చూస్తుండేవాడు.

"నా ఉద్యోగం మొత్తం ఒకటేరా. తెల్ల తెర కనపడకూడదు. కనపడిందంటే ఈలలు, తిట్లు. కనపడకపోతే నేనున్నట్టే ఎవడికీ తెలీదు" అన్నాడు ఒకసారి.

ప్రింట్లు తక్కువ. పెద్ద టౌన్లలో ఆడి, గీతలు పడి, నెలల తర్వాత మా ఊరికొచ్చేవి. పండగలప్పుడైతే ఒకే ప్రింటు రెండు ఊళ్ళలో ఆడేది. ఇక్కడ మొదటి చుట్ట అయ్యీ కాగానే డబ్బాలో పెట్టి సైకిలు మీద కుర్రాడు పక్కూరికి తొక్కాలి, అక్కడ అరగంట ఆలస్యంగా ఆట మొదలు. సైకిలు పంక్చరైతే రెండో ఊళ్ళో కథ ఆగిపోయేది! ఫస్ట్ షో ఆలస్యమైతే సెకండ్ షోకి ఓ పాట ఎగరగొట్టమని పైనుంచి చెప్పేవారట. ఏ పాట తీస్తే జనం గోల చేయరో నిర్ణయించేది మావయ్యే. దర్శకుడు తీసిన సినిమా వేరు, ఎడిటరు కూర్చిన సినిమా వేరు, మా ఊరు చూసిన సినిమా వేరు.

ఆ చుట్టల చివర మిగిలిన, తెగిన ఫిలిము ముక్కలు మాకు తెచ్చిచ్చేవాడు. ఫిలమెంటు పోయిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండని తిప్పి, తాతయ్య తెల్లపంచె మీద ఒక్కో బొమ్మా వేసుకునేవాళ్ళం. నా తరంలో ఆ ఆట ఆడినవాళ్ళలో మేము బహుశా చివరివాళ్ళం.

*

రీలు గోడని బద్దలు కొట్టాలని పెద్దవాళ్ళూ ప్రయత్నించారు. 1948లో హిచ్‌కాక్ 'రోప్' అనే సినిమాని అసలు కట్‌లే లేనట్టు తీద్దామనుకున్నాడు. కెమెరాలో పట్టేది వెయ్యి అడుగులు. అందుకని పది నిమిషాలకోసారి కెమెరా ఓ పాత్ర కోటు వీపు దగ్గరికి వెళ్ళి తెర నల్లబడేలా చేసి, ఆ చీకట్లో అతుకు దాచాడు. విచిత్రమేమిటంటే కొన్నిచోట్ల దాచకుండా మామూలు కట్ పెట్టాడు. ఎందుకో తెలుసా? హాల్లో ప్రొజెక్టరు మారేది అక్కడ! తెర చీకటిగా ఉన్నప్పుడు మార్చమంటే ఆపరేటరు ఎక్కడ తడబడతాడోనని. హాలీవుడ్ మహాదర్శకుడు కూడా మా మావయ్యలాంటివాళ్ళని లెక్కలో పెట్టుకునే తీయాల్సి వచ్చింది.

2001 డిసెంబరు 23న రష్యా దర్శకుడు సొకురోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో 'రష్యన్ ఆర్క్' సినిమా మొత్తం, గంటన్నర, ఒకే షాటుగా తీశాడు. ఫిలిము కాదు, హార్డ్ డిస్కు. మూడుసార్లు మధ్యలో ఆగిపోయి నాలుగోసారి పూర్తయింది. వెయ్యి అడుగుల గోడ ఆ రోజు కూలింది.

అది కూలాక ఏమైందో మనందరం చూశాం. 2005లో హాలీవుడ్ స్టూడియోలు కలిసి డిజిటల్ సినిమాకి ఒక కొలత ఖాయం చేశాయి. ఇంచుమించు ఆ సమయానికే మన దేశంలో ఉపగ్రహం ద్వారా హాళ్ళకి సినిమా పంపడం మొదలైంది. పక్కూరికి సైకిలు మీద వెళ్ళాల్సిన అవసరం లేదు, వేల హాళ్ళలో ఒకే రోజు విడుదల. దానితోపాటే వందరోజుల పండగ కూడా పోయింది. మొదటి మూడు రోజుల్లోనే రావాల్సింది వచ్చేయాలి కాబట్టి మొదటి రోజు అరిచే జనానికి తగ్గట్టు కథలు మారాయి. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిలిము తయారీ మానేసింది. 2014లో పారమౌంట్ అమెరికాలో ఫిలిము ప్రింట్లు ఇవ్వడం ఆపేసిన మొదటి పెద్ద స్టూడియో అయింది.

మావయ్య హాల్లో ప్రొజెక్టర్లు 2011లో తీసేశారు. ఆయన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీయలేదు. కానీ చేయడానికి పని లేదు. పొద్దున బటన్ నొక్కితే రాత్రి దాకా అదే ఆడుతుంది, టిక్కెట్లిచ్చే కుర్రాడే ఆ పని చేసేవాడు. రెండు నెలలు కేబిన్‌లో కూర్చుని, మూడో నెల ఈయనే మానేశాడు. నేను అప్పటికి అమెరికా వచ్చి రెండేళ్ళు. ఫోన్లో అమ్మ చెబితే "పోన్లే, కార్బన్ పొగ తప్పింది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కొత్త సిస్టమ్ పెట్టి పాతది తీసేయడమే నా వృత్తి. పాతదాన్ని నడిపినవాళ్ళు ఆ మర్నాడు ఎక్కడ కూర్చుంటారన్నది మా ప్రాజెక్టు ప్లానులో ఎప్పుడూ ఒక గడి కూడా ఉండదు.

*

అయితే రీలు చచ్చిపోయిందా? నాకలా అనిపించట్లేదు. ఆకారం మిగిలింది.

2009లో ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తల్లో నలుగురం ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి యూట్యూబులో తెలుగు సినిమాలు చూసేవాళ్ళం. అప్పట్లో వీడియో పది నిమిషాలు మించకూడదు. 2006 నుంచి 2010 దాకా ఆ నియమం ఉండేది. కాబట్టి ఎవరో పుణ్యాత్ముడు సినిమాని 1/15, 2/15 అని ముక్కలు చేసి పెట్టేవాడు. తొమ్మిదో ముక్క దొరక్కపోతే పదోదానికి దూకేవాళ్ళం. ఇప్పుడు లెక్క చూడండి: పది నిమిషాలు, పదిహేను ముక్కలు. ఎక్కడో కాలిఫోర్నియాలో వేరే కారణాలతో పెట్టిన నియమం, మన సినిమాని మళ్ళీ సరిగ్గా రీళ్ళుగా విడగొట్టింది. ముక్క ముక్కకీ లేచి నొక్కే మావాడే ఆపరేటరు.

ఇక్కడి హాళ్ళలో తెలుగు సినిమాకి వెళ్ళండి. ఇంటర్వెల్ అని కార్డు పడుతుంది, రెండు సెకన్లలో మళ్ళీ సినిమా మొదలవుతుంది, ఎవరూ లేవరు. అయినా ఆ కార్డు ముందు కథ ఉలిక్కిపడి తీరాలి. మెషీన్ ఆపాల్సిన అవసరం పోయి ఎన్నేళ్ళయినా, ఆగే చోటు కథలో ఉండిపోయింది. ప్రింటు బాక్సు కస్టమ్స్‌లో ఆగిందని మా ముందు తరంవాళ్ళు హాలు బయట చలిలో నిలబడ్డ కథలు చెబుతారు. మా తరం "కీ ఇంకా రాలేదట" అని నిలబడింది. డిజిటల్ సినిమా తాళం వేసి వస్తుంది, ఫలానా హాల్లో ఫలానా వేళకే తెరుచుకునే తాళంచెవి విడిగా రావాలి. పంక్చరైన సైకిలే, చక్రాలు లేవంతే.

2023లో 'ఓపెన్‌హైమర్' ఐమాక్స్ ఫిలిము ప్రింటు పొడుగు 11 మైళ్ళు. సినిమా మూడు గంటలు. ఫిలిము తిరిగే పళ్ళెం మీద అంతకంటే పట్టదు. ఈ రోజుల్లో కూడా!

ఇక మనవరాలి రీలు. మన దేశంలో 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, మొదట్లో 15 సెకన్లు. తర్వాత 30, 60, 90 సెకన్లు, 2025లో మూడు నిమిషాలు. ఈ వరస ఎక్కడో చూసినట్టు లేదూ? యాభై అడుగుల నుంచి వెయ్యికి వెళ్ళిన దారే. చైనాలో మొదలై అంతటా పాకుతున్న నిలువు సీరియల్స్ ఒకటి రెండు నిమిషాలకో ముక్క, ప్రతి ముక్కా ఉత్కంఠ దగ్గర ఆగుతుంది. 1914లో 'పెరిల్స్ ఆఫ్ పౌలిన్' రెండేసి రీళ్ళ ముక్కలుగా హాళ్ళకి జనాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించినట్టే. ఒక్క తేడా ఉంది. అప్పుడు చుట్ట అయిపోతే బొమ్మ ఆగేది. ఇప్పుడు చూసేవాడి బొటనవేలు కదిలితే ఆగుతుంది. అందుకే ఇప్పటి కథలు చివర గురించి కాదు, మొదటి రెండు సెకన్ల గురించి భయపడతాయి.

*

చివరగా ఒక మాట. 'భక్త ప్రహ్లాద' ప్రింటు లేదు. 'ఆలం ఆరా' లేదు. 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్ళలో మిగిలినవి మొదటిదీ, చివరిదీ. అవి కూడా 1917లో మళ్ళీ తీసినప్పటివని కొందరు పరిశోధకులంటారు. పాత ఫిలిములు కొన్ని తగలబడ్డాయి, కొన్ని కుళ్ళాయి, కొన్నిటిని అందులోని వెండి కోసం కరిగించారు. డిజిటల్ వచ్చాక ఆ బాధ లేదనుకుంటాం. కానీ 2007లో ఆస్కార్ అకాడమీ వాళ్ళు లెక్క కట్టి, సినిమాని డిజిటల్‌గా భద్రపరచడానికి ఫిలిము కన్నా 11 రెట్లు ఖర్చని తేల్చారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది ఆశ్చర్యం కాదు. పదేళ్ళ కిందటి డ్రైవు తెరుచుకోదు, తెరుచుకున్నా చదివే సాఫ్ట్‌వేరు ఉండదు. మావయ్య ఇచ్చిన ఫిలిము ముక్క ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనపడుతుంది.

అన్నట్టు, ఆ రోజు మనవరాలు అలిగి, బలవంతంగా తాతయ్య చేతిలో ఫోను పెట్టింది. గుమ్మంలోంచి లోపలికి వచ్చి, చుట్టూ తిరిగి, మళ్ళీ అదే గుమ్మంలోకి వెళ్ళే ముప్ఫై సెకన్ల బొమ్మ. ఎక్కడ అయిపోతుందో, ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో నాకు తెలీలేదు. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చూశాడు. బొమ్మని కాదు, తెర కుడివైపు పైమూలని చూస్తున్నాడని నాకు అనుమానం.

ఫోను తిరిగిచ్చేస్తూ, "అతుకు బాగా కుదిరిందే" అన్నాడు.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క అతుకు కోసమే పదిహేడుసార్లు తీసిందట. రోజంతా ఎవరూ గమనించలేదట.